ఎనిమిదో కుర్చీ నుంచి వచ్చిన చీటీ

పిల్లలూ, మీరిప్పుడు ఫోన్‌లో ఒక ఆట ఆడతారు. నచ్చితే ఐదు చుక్కలు, నచ్చకపోతే ఒక్క చుక్క కొట్టి, బస్సు దిగేలోపు ఆ సంగతే మర్చిపోతారు. ఆ చుక్కల్ని ఎవరు చూస్తారో, చూసినవాళ్ళు ఆ పూట అన్నం తింటారో లేదో మీకు తెలియదు. నాకు తెలుసు. ఎందుకంటే గుంటూరులో కంప్యూటర్ ఆటల మీద అభిప్రాయాలు సేకరించే శాఖకు మొట్టమొదటి అధికారిని నేనే.

సరే, శాఖ అన్నమాట కొంచెం ఎక్కువైంది. అధికారి అన్నది ఇంకొంచెం. మా షావుకారు గారు నన్ను "మేడ మీద కూర్చునే ముసలాయన" అనేవారు. ఒక గది, ఎనిమిది కంప్యూటర్లు, ఎనిమిది కుర్చీలు, తలుపు పక్కన ఒక అట్టపెట్టె. ఆడినవాళ్ళు చీటీ మీద తమ మాట రాసి ఆ పెట్టెలో వేయాలి. దాని తాళంచెవి నా మొలతాడుకు వేలాడుతూ ఉండేది. అట్టపెట్టెకు తాళమేమిటని అడుగుతారేమో, అదీ అబద్ధమే. ఆ తాళంచెవి మా ఇంటి బీరువాది.

అంతకుముందు ఇరవై ఏడేళ్ళు మిర్చి యార్డులో షావుకారు గారి కమీషన్ కొట్లో సరుకు చూసే గుమస్తాని. కళ్ళు మూసుకుని గుప్పెడు కాయ వాసన చూసి, అది ఏ ఊరి చేలో పండిందో చెప్పేవాణ్ణి. చుట్టుపక్కల కొట్లవాళ్ళు వచ్చి చూసి నోళ్ళు తెరిచేవాళ్ళు. రైతు పేరూ ఊరూ బస్తా మీద రాసి ఉంటాయనీ, కళ్ళు మూసుకునే ముందే నేను వాటిని చదివేసేవాడిననీ ఇన్నేళ్ళ తర్వాత ఒప్పుకుంటే పోయేదేముంది.

ఆ పనిలో నాకు నిజంగా వచ్చిన విద్య ఒక్కటే: తాలు ఏరడం. ఎండలో రంగుపోయి తెల్లబారిన కాయను మా వైపు తాలు అంటాం. మేలు కాయలో తాలు కనపడితే కొనేవాడు మొహం తిప్పుకుంటాడు. అందుకని తాలును వేరే గోతంలో వేసి పక్కన పెడతాం. పారేయం. దానికీ కొనేవాడు ఒకడు ఉండకపోడని మా నమ్మకం. ఈ కథంతా ఆ ఒక్క అలవాటు చేసిన చేటు. చివరికి చేసిన మేలు కూడా దానిదే.

రెండు వేల సంవత్సరం దాటి అప్పటికి నాలుగైదేళ్ళయింది. ఘాటు నా ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టింది. యార్డులోకి అడుగు పెడితే చాలు, దగ్గు నన్ను మడిచి సంచిలో పెట్టేసేది. డాక్టరు ఇక ఆ గాలి పీల్చొద్దన్నాడు. షావుకారు గారు నన్ను మాన్పించలేదు. కొట్టు మీది మేడ గది చూపించి, "అక్కడ మా అమ్మాయి స్నేహితురాలు ఏదో కంప్యూటర్ ఆట తయారుచేస్తోందయ్యా. పైకెళ్ళి కూర్చో, అక్కడికి ఘాటు అంతగా ఎక్కదు. వచ్చేపోయేవాళ్ళని కనిపెట్టుకుని ఉండు" అన్నారు.

ఆ స్నేహితురాలిది పొన్నూరు. ముప్ఫయ్యేళ్ళు ఉంటాయేమో. బెంగళూరులో మంచి ఉద్యోగం వదిలేసి వచ్చిందని కింద అందరూ జాలిపడేవారు. మూడేళ్ళుగా ఒక్క ఆట మీదే కూర్చుంది. బొమ్మలు గీసిపెట్టే స్నేహితురాలు విజయవాడలో ఉండేది. మిగతా పనంతా ఈ అమ్మాయే. నన్ను మొదటిరోజు నుంచీ "బాబాయ్" అంది. అడక్కుండానే ఆ వరస ఇచ్చేసింది కాబట్టి, నేనూ అడక్కుండానే ఆ బాధ్యత తీసుకున్నాను.

ఆటేమిటంటే, ఎనిమిదిమంది ఖాళీ నేల మీద పడతారు. ఒంటి మీద గుడ్డ, చేతిలో ఒక రాయి, అంతే. కొండ మీద నుంచి ఒక ఏరు దిగి సముద్రం దాకా పోతుంది. దాని పక్కన ఎనిమిదిమందికీ తలా ఒక చెక్క నేల. కట్టెలు కొట్టుకోవాలి, నిప్పు చేసుకోవాలి, గింజ చల్లుకోవాలి. ఆకలి ముదిరితే చచ్చిపోతారు. బతికి బట్టకడితే గుడిసెలు, గుడిసెలు పెరిగితే ఊరు, ఊరు పెరిగితే కోట. మూడో కరువు వచ్చేలోపు ఎనిమిదిమందీ కలిసి ఊరు నిలబెట్టాలి. ఎవరి తెర మీద వాళ్ళ నేల మాత్రమే కనిపిస్తుంది. గదిలో ఎనిమిది కంప్యూటర్లనూ తీగలతో కలిపారు. ఆ తీగల్లో కాలు తగిలి పడబోయింది నేనే కాబట్టి, ఆట నడుస్తుండగా ఎవరూ కుర్చీలోంచి లేవకూడదని నేనే ఒక చట్టం చేశాను.

హైదరాబాదు నుంచి ఒక కంపెనీ ఆయన ఏప్రిల్‌లో వచ్చి ఆటనూ, ఆడినవాళ్ళ అభిప్రాయాలనూ చూస్తానన్నాడు. నచ్చితే ఆటను వాళ్ళు తీసుకుని పూర్తి చేయిస్తారు. నచ్చకపోతే, మే నెలలో యార్డుకు సెలవులిచ్చేనాటికి గది ఖాళీ చేయాలి. షావుకారు గారు అందులో ఖాళీ గోతాలు వేసుకుంటారు. అమ్మాయి తిరిగి బెంగళూరెళ్ళి ఎవరో చెప్పిన పని చేసుకుంటుంది. మూడేళ్ళ పని గోతాల కిందికి పోతుంది. ఇదీ పందెం.

ఆటగాళ్ళుగా కాలేజీ కుర్రాళ్ళు వచ్చేవారు. వాళ్ళు చాలక, సరుకు తెచ్చి వేలం కోసం కాచుకుని ఉండే రైతుల్ని కూడా ఆడించాలన్న మహత్తర ఆలోచన నాది. ఆ ఆలోచనకు ఏసీ కూడా కొంత సాయం చేసిందని ఒప్పుకోవాలి. కంప్యూటర్లు వేడెక్కకుండా ఆ గదికి ఏసీ పెట్టారు. గుంటూరు ఎండలో చల్లగాలి వచ్చే గది తలుపు తీసి ఉంటే రైతుల్ని పిలవాలా? వాళ్ళే వచ్చి కూర్చున్నారు. కూర్చున్నందుకు మొహమాటపడి ఆడారు.

కొట్లో ముచ్చికలు తీసే ఆవిడ కూడా అలాగే వచ్చింది. మిరపకాయ తొడిమ తుంచడాన్ని మేం ముచ్చికలు తీయడం అంటాం. యాభై దాటిన మనిషి. ఆదివారం చర్చిలో ముందు వరస తప్ప కూర్చోదు. అన్నాలవేళ గంటసేపు పైకి వచ్చి ఒకటో కుర్చీలో కూర్చునేది. చదువు రాకపోయినా మూడురోజుల్లో ఆట పట్టేసింది. ఒకరోజు ఆవిడ వదిలిన మౌస్ పట్టుకుని, ఆ చేత్తోనే కన్ను నులుముకున్న కాలేజీ కుర్రాడొకడు కొళాయి కింద తల పెట్టి అరగంట ఏడ్చాడు. ఆ తర్వాత ఆ మౌస్ జోలికి ఎవడూ పోలేదు. అమ్మాయి కూడా తన పనికి వేరే మౌస్ దాచుకుంది. ఆ విధంగా ఒకటో కుర్చీ ముచ్చికలావిడకు పట్టా రాసిచ్చినట్టయింది.

అమ్మాయి ఆట జరిగేటప్పుడు గదిలో ఉండేది కాదు. "నేను ఎదురుగా ఉంటే మొహమాటానికి బాగుందంటారు బాబాయ్" అని పక్కగదిలోకి పోయేది. ఆట అయ్యాక నేను తీసుకెళ్ళి ఇచ్చే చీటీలే ఆమెకు కళ్ళూ చెవులూ.

మొదటిరోజు చీటీలు ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాను. ఒక దాంట్లో "బొమ్మలు బాగున్నాయి" అని ఉంది. ఒక దాంట్లో "ఈ ఆట చేసినోళ్ళని వారం రోజులు పత్తి తీయడానికి పంపాలి" అని ఉంది. ఇంకో దాంట్లో ఒక్కటే మాట: "దండగ."

మధ్యాహ్నం మూడయింది. అమ్మాయి క్యారేజీ మూత తీయలేదు. నాలుగయింది. తీయలేదు.

"తినమ్మా" అన్నాను.

"తింటాను బాబాయ్" అంది, కిటికీ వైపు తిరిగి.

సాయంత్రం ఆ క్యారేజీ ఎలా వచ్చిందో అలా వెళ్ళిపోయింది. ఆ బరువు నేనే కిందికి మోసి రిక్షాలో పెట్టాను. అన్నం ఉన్న క్యారేజీ బరువు వేరేగా ఉంటుంది. ఇరవై ఏడేళ్ళు బస్తాలు చూసినవాణ్ణి, నాకు తెలియదా?

మర్నాటి నుంచి నా విద్య బయటికి తీశాను. పెట్టె తెరిచి చీటీలన్నీ బల్ల మీద పరిచి, మేలువి ఇటు, తాలువి అటు. మేలువి అమ్మాయికి. తాలువి గదిలో మూలనున్న బీరువా వెనక ఒక చిన్న గోనెసంచిలో. మేలువి మరీ తక్కువైన రోజున? అప్పుడు ఎడంచేత్తో నేనే రాసేవాణ్ణి. రకరకాల సిరాలు కొన్నాను. గుంటూరు జిల్లా మొత్తం నా ఎడంచేతి ద్వారా ఆ ఆటను మెచ్చుకుంది.

అమ్మాయి క్యారేజీ ఖాళీ అవుతూ వచ్చింది. నేను గొప్ప పని చేస్తున్నానని మురిసిపోయాను.

ఈలోపు గదిలో ఇంకో సంగతి జరుగుతోంది. కుర్రాళ్ళు మెట్లెక్కుతూనే పరుగు. బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టుకున్నట్టు, తలుపులోంచే రుమాళ్ళు విసిరి రెండో కుర్చీ, మూడో కుర్చీ పట్టుకునేవారు. ఆలస్యమైనవాడికి ఏడు, ఎనిమిది. అవి దక్కినవాడు "నాకు పనుంది గురువుగారూ" అంటూ జారుకునేవాడు. ఏసీ గాలి తలుపు దాకా రాదు, అందుకే ఆ రెండూ ఎవరికీ అక్కర్లేదని నేను తేల్చేశాను. అమ్మాయికి చెప్పనైనా లేదు.

అప్పుడొచ్చాడు దర్శి దగ్గరి రైతు. సరుకు తెచ్చాడు, చెప్పిన ధర నచ్చలేదు, మూడురోజులు ఆగి చూస్తానని ఉండిపోయాడు. ఎండకు తట్టుకోలేక మేడ ఎక్కాడు. ఖాళీగా ఉన్నది ఎనిమిదో కుర్చీ. కూర్చున్నాడు. రెండో కరువుకే చచ్చిపోయాడు. చీటీ రాసి వెళ్ళాడు. రెండోరోజూ అదే కుర్చీ, అదే చావు. మూడోరోజు కుర్చీలో కూర్చోకుండా నా ముందు నిలబడ్డాడు.

"ఏంది పెద్దాయనా, ఇక్కడ గూడా నాకు కాలవ చివరి చేనే ఇచ్చావా?"

"చివరేమిటయ్యా? అన్నీ ఒకటే కుర్చీలు."

"ఒకటే అయితే నువ్వొచ్చి కూర్చోరాదూ ఇక్కడ?"

నేను వినపడనట్టు చీటీలు సర్దుకున్నాను. ఆట మొదలైంది. రెండో కరువు రాగానే ఆయన కుర్చీలోంచే గట్టిగా కేకేశాడు.

"ఏమ్మోయ్, ఒకటో కుర్చీ! ఎగువ నువ్వేనా?"

"ఎగువేందయ్యా?" అంది ముచ్చికలావిడ, తెర మీంచి చూపు తిప్పకుండా.

"నీళ్ళన్నీ నీ చెరువులోనే ఆపుకున్నట్టున్నావే. నా చేను నెర్రెలిచ్చింది ఇక్కడ."

"ఓరి దేవుడా! నువ్వున్నావని నాకేం తెలుసయ్యా? నా టీవీలో నువ్వు కనపడవుగా!"

"కనపడితే వదులుతావా?"

"కనపడితే వదలక, కళ్ళెదురుగా ఎండబెడతానా? ఏం మాటలయ్యా అవి!"

అని లేచింది. నా చట్టాన్ని తొక్కుకుంటూ, తీగలు దాటుకుంటూ ఎనిమిదో కుర్చీ దాకా వచ్చి, ఆయన భుజం మీంచి ఒంగి తెర చూసింది. వెనక్కి పోయి తన చెరువు కట్ట తెగ్గొట్టింది. కాసేపాగి మళ్ళీ లేచి వచ్చింది. "వచ్చినయ్యా?" "ఐదో ఆయన ఆపినట్టున్నాడు." వెంటనే ఐదో కుర్చీ దగ్గరికి. "ఏరా అబ్బాయ్, లే. వచ్చి చూడు ఆయన గతి." ఆ గంటసేపు ఆవిడ కూర్చున్నది తక్కువ, నడిచింది ఎక్కువ. నేను "తీగలమ్మా, తీగలు!" అని అరుస్తూనే ఉన్నాను.

ఆ రోజు మొట్టమొదటిసారి మూడో కరువులోపు ఊరు లేచింది. కోట మీద జెండా ఎగిరింది. కుర్రాళ్ళు బల్లలు గుద్దారు.

నేను పక్కగదిలోకి పరుగెత్తి, "ఇవాళ ఊరు నిలబడిందమ్మా! నా అజమాయిషీలో!" అన్నాను. నడక సంగతి చెప్పలేదు. నేనుండగా నా చట్టం కాళ్ళకింద నలిగిందని ఎలా చెప్పను?

దర్శి ఆయన వెళ్ళేముందు చాలాసేపు కూర్చుని రాశాడు. చీటీ చాలక వెనక్కి తిప్పి రాశాడు. నేను మొదటి వాక్యం చదివాను. "ఈ ఆట పొన్నూరు వైపోళ్ళు ఎవరో చేసినట్టుంది." అంతే. అమ్మాయి ఊరినే తిడుతున్నాడనుకున్నాను. రెండో వాక్యం చదవలేదు. తాలు.

ఏప్రిల్‌లో హైదరాబాదాయన వచ్చాడు. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఆ ఏర్పాట్లలో నా ప్రతిభంతా చూపించాను. ఒకటో కుర్చీ మౌస్‌ను కొబ్బరినూనెతో తుడిచి, సబ్బుతో తుడిచి, నా కంటికి రాసుకుని పరీక్ష చేసి మరీ ఆయనకు ఆ కుర్చీ ఇచ్చాను. ముచ్చికలావిడను "ఇవాళొక్కరోజు పైకి రామాకమ్మా, పెద్దవాళ్ళొస్తున్నారు" అని కిందే ఆపేశాను. పరీక్షలని ఒక కుర్రాడు రాలేదు. ఎనిమిదో కుర్చీ ఖాళీ.

"నేనాడతాలే బాబాయ్" అంది అమ్మాయి.

తను తయారుచేసిన ఆటను అమ్మాయి ఆ కుర్చీలోంచి ఆడటం అదే మొదలు. ఆమె రోజూ పనిచేసే కంప్యూటర్ ఒకటో నంబరుది. మూడేళ్ళుగా ఏటి మొదట్లో కూర్చునే ఏరును గీసింది. పుట్టింది కూడా నీళ్ళు అడక్కుండా వచ్చే ఊళ్ళో.

మొదటి కరువులో ఆమె పైరు వాడింది. రెండో కరువులో నేల పగిలింది. ఒకటో కుర్చీలోంచి హైదరాబాదాయన సంతోషంగా, "నా చెరువు భలే నిండిందండీ!" అన్నాడు. అదే నిమిషంలో అమ్మాయి తెర నల్లబడింది. చచ్చిపోయింది. తను రాసిన ఆటలో, తను పెట్టిన ఆకలికి.

ఆమె తెరను చూస్తూ తనలో తను అన్నట్టు, "నీళ్ళెందుకు రాలేదు?" అంది.

ఎవరూ లేవలేదు. లేచి నడిచే మనిషిని నేనే కదా కింద ఆపేసింది.

హైదరాబాదాయన చీటీల కట్ట అడిగాడు. ఒక్కొక్కటే చదివాడు. ఒకచోట ఆగి, కళ్ళద్దాలు సర్దుకుని పైకి చదివాడు. "ఆట రంగు బాగుంది. మచ్చ లేదు. తేమ తక్కువ. నిలవకు పనికొస్తుంది." నా వైపు చూశాడు. "ఇది ఆట గురించేనా అండీ?"

ఇరవై ఏడేళ్ళ అలవాటు పిల్లలూ. మెచ్చుకోవాలంటే నాకు తెలిసిన మాటలు అవే.

అమ్మాయి కట్ట అందుకుని నాలుగు చీటీలు తిరగేసింది. తలెత్తింది.

"బాబాయ్, ఇవన్నీ మీరే రాశారా?"

"అన్నీ కాదమ్మా" అన్నాను. "సగం." ఆమె చూపు కదల్లేదు. "సగం కంటే కొంచెం ఎక్కువ."

"మరి వాళ్ళు రాసినవి?"

బీరువా వెనకనుంచి గోనెసంచి లాగి ఆమె కాళ్ళ దగ్గర పెట్టాను. మూతి దారంతో కుట్టి ఉంది. పద్ధతిగా. అది చూసి ఆమెకు కోపం వస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నేను అన్నం తినట్లేదని చేశారా ఇదంతా?"

తలూపాను.

"ఇన్నాళ్ళూ నన్ను ఒకటో కుర్చీలోనే కూర్చోబెట్టారు బాబాయ్" అంది.

నా ఉద్యోగ జీవితంలో షావుకార్లు తిట్టారు, హమాలీలు తిట్టారు, ఒక రైతు చెప్పు చూపించాడు. ఏదీ ఇంత లోతుకు దిగలేదు.

హైదరాబాదాయన లేచి, "ఇలా ఉంటే మేం తీసుకోలేం" అన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి, సంచీ వైపు చూసి ఆగాడు. "మీ యార్డు ఎప్పుడు మూస్తారు?"

"ఇంకా మూడు వారాలుందండీ."

"అప్పుడొకసారి వస్తాను. ఆ సంచీ మాత్రం పారేయకండి."

చూశారా, తాలుకూ కొనేవాడు ఉంటాడని నేను చెప్పలేదూ.

మర్నాడు అమ్మాయి నేల మీద దుప్పటి పరిచి సంచీ కుమ్మరించింది. మొదటిరోజు నేనిచ్చిన చీటీలు కూడా తెచ్చి అందులో కలిపింది. అన్నాలవేళ ముచ్చికలావిడ వచ్చి, చీటీల కుప్ప చూడగానే, పిలవకుండానే పక్కన చతికిలబడి అరచేత్తో పలచగా పరిచేసింది. చేతి అలవాటు. నేను చదివేవాణ్ణి. అలవాటుకొద్దీ తిట్లను పక్కకు తోసేవాణ్ణి. అమ్మాయి వాటినే తీసి ముందు పెట్టుకునేది. "పత్తి తీయడానికి పంపాలి" అని రాసినవాడి చీటీ వెనక, మొదటిరోజు మేమెవరం తిప్పి చూడని వైపు, "మాకు కిందికి చుక్క నీళ్ళు రాలేదు" అని ఉంది. "దండగ" అన్నవాడు చీటీ మూలలో చిన్నగా ఏడో నంబరు వేశాడు. కుప్పలో సగం చీటీలు ఏదో ఒక దారిన ఆ ఏటి చివరికే పోయాయి.

దర్శి ఆయన చీటీ చేతికొచ్చింది. మొదటి వాక్యం దగ్గర నేను దగ్గాను.

"చదవండి" అంది అమ్మాయి.

"ఈ ఆట పొన్నూరు వైపోళ్ళు ఎవరో చేసినట్టుంది" అని చదివాను. అమ్మాయి పకపకా నవ్వింది. హైదరాబాదాయన వచ్చివెళ్ళాక అదే మొదటి నవ్వు. నేను మొదటిసారి రెండో వాక్యంలోకి వెళ్ళాను. "తప్పు పట్టట్లేదు. వాళ్ళకు కాలవ చివర ఎట్టా ఉంటదో తెలవదు. ఎగువనున్నోడు చెడ్డోడు కాదు. వాడికి మేం కనపడం, అంతే. ఇయ్యాల ఒకటో కుర్చీ అక్క లేచొచ్చి చూసింది గాబట్టి నా చేను పండింది. నిజం కాలవ మీద ఎవురూ లేచి రారు. ఆటలోనన్నా కనపడేట్టు చెయ్యండి."

ముచ్చికలావిడ కొంగుతో ముక్కు తుడుచుకుని, "నన్ను అక్క అన్నాడా?" అంది.

అమ్మాయికి వెంటనే ఒక ఉపాయం తట్టింది. నీళ్ళను ఆటే ఎనిమిది వాటాలు చేసి పంచేస్తే సరిపోతుందంది. రెండురోజుల్లో చేసేస్తానంది.

ముచ్చికలావిడ తల అడ్డంగా ఊపింది. "నువ్వే పంచేస్తే నేనిచ్చినట్టెట్టా అవుద్దమ్మా? కనపడేట్టు చెయ్యి, చాలు. ఇచ్చేది మేం చూసుకుంటాం."

ఆ ఆటకు వచ్చిన అభిప్రాయాలన్నిటిలో గొప్పది ఇదే. దీనికి చీటీ లేదు. ఆవిడకు రాయడం రాదు, నాకు రాసుకోవాలని తోచలేదు.

మూడు వారాలు అమ్మాయి తెల్లవారగానే వచ్చి చీకటిపడే ముందు వెళ్ళేది. చివరికి ప్రతి తెర కుడివైపు మూలలో అగ్గిపెట్టెంత కిటికీ ఒకటి పెట్టింది. అందులో ఏటి చివరి చేను కనిపిస్తూ ఉంటుంది. పచ్చగా ఉంటే పచ్చగా, పగిలితే పగిలినట్టు. అంతే మార్పు. దర్శి ఆయనకు బస్తా మీది చిరునామా చూసి కార్డు రాశాను. జవాబు రాలేదు. దుక్కులకు సిద్ధమయ్యే రోజులు, ఆయనకు తీరికెక్కడిది.

యార్డు మూసే ముందురోజు హైదరాబాదాయన వచ్చాడు. నేరుగా వెళ్ళి ఒకటో కుర్చీలోనే కూర్చున్నాడు. ఈసారి ముచ్చికలావిడను ఎవరూ ఆపలేదు. కుర్చీ ఇచ్చేసి గుమ్మం దగ్గర చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. అమ్మాయి నా వైపు చూసింది.

"ఎనిమిదిలో మీరు కూర్చోండి బాబాయ్."

నేను రోజూ ఆడతానని ఇంట్లో చెప్పేవాణ్ణి. మనవళ్ళకు కోటలు కట్టిన కథలు వర్ణించేవాణ్ణి. అప్పటిదాకా నేను మౌస్ ముట్టుకున్నది తుడవడానికే. కూర్చున్నాను. నిప్పు చేయడానికే పది నిమిషాలు పట్టింది. గింజ చల్లాను. మొదటి కరువు గడిచింది. రెండోది మొదలైంది. నా చేను అంచుల నుంచి పసుపెక్కడం మొదలుపెట్టింది. తర్వాత సన్నటి గీతలు. ఎక్కడ చూడాలో తెలియలేదు. ఎవర్ని అడగాలో తెలియలేదు. ఏరు నా ముందే ఉంది, అందులో ఇసుకే ఉంది. బొమ్మ అని తెలుసు. అయినా నా నోరు ఎండిపోయింది. ఇన్నాళ్ళూ ఈ కుర్చీలో కూర్చున్నవాళ్ళు రాసిన మాటలన్నీ నేను సంచిలో వేసి కుట్టేశానే అనుకున్నాను.

గుమ్మం దగ్గర ముచ్చికలావిడ పెదాలు కదులుతున్నాయి. ప్రార్థన చేస్తోందో, హైదరాబాదాయనను తిడుతోందో తెలియదు. రెండూ అయ్యుండొచ్చు.

అప్పుడు ఒకటో కుర్చీ కిర్రుమంది. ఆయన వెనక్కి తిరిగి గదంతా చూసి అడిగాడు. "ఈ ఎండుతున్న చేను ఎవరిదండీ?"

నేను చెయ్యెత్తాను. బళ్ళో పిల్లాడిలా.

ఆయన మళ్ళీ తెర వైపు తిరిగాడు. ఒక్క నొక్కు వినిపించింది. ఐదో కుర్చీలో ఒక నొక్కు. ఆరులో. కాసేపటికి నా తెర పైమూల నుంచి నీలం గీత ఒకటి దిగింది. ఇసుక మీద వంకర్లు తిరుగుతూ, ఆగుతూ, నా గట్టు దాకా వచ్చింది.

ఆటను వాళ్ళు తీసుకున్నారు. దేశదేశాల్లో లక్షలమంది ఆడారని నేను చాలాకాలం చెప్పుకున్నాను. అది పెద్ద పేరేమీ తెచ్చుకోలేదు. కొన్ని ఊళ్ళలో కొన్నాళ్ళు ఆడారు. తర్వాత వేరే ఆటలొచ్చాయి. అమ్మాయి హైదరాబాదులో అదే పనిలో స్థిరపడింది. గదిలోకి గోతాలు వచ్చాయి. వాటి పక్కనే నా కుర్చీ.

ఆ రోజు ఆట అయ్యాక అందరూ వెళ్ళిపోయారు. అమ్మాయి ఒక చీటీ తెచ్చి నా ముందు పెట్టింది. "ఇన్ని రాశారుగా. మీది ఒక్కటి రాయండి."

కుడిచేత్తో రాశాను. పెట్టెలో వేయబోతే ఆమె చెయ్యి చాపి తీసుకుని చదివింది.

"నీళ్ళు వచ్చాయి."

"ఇంతేనా బాబాయ్?" అంది. "రంగు, తేమ, నిలవ, ఏమీ లేవా?"

"లేవమ్మా. ఇంతే."

ఆమె చీటీని మడిచి కళ్ళద్దాల పెట్టెలో పెట్టుకుంది. తర్వాత బల్ల కిందినుంచి క్యారేజీ పైకి తీసి, మూత తిప్పుతూ, "ముచ్చికల పిన్నిని కూడా కేకెయ్యండి" అంది.